ఈ వారం సమస్య: పడినవాడు నేల పడక నిలిచె

నిర్వాహకుడు: నిన్నటి నుంచి ఈ పాదం నోట్లో నానుతోంది. షరతు ఒక్కటే. దూరాన ఉండి చూసేవాడికి ఎలా కనబడిందో పూరణలో రావాలి.

గిద్దలూరు మాస్టారు:
స్వర్గమేగినంత శక్రుడు ద్రోయగ
తలయు క్రిందు గాగ తాను జారె
గాధిసూనుడపుడు కదలకుమనినంత
పడినవాడు నేల పడక నిలిచె

తాటాకు: ధారకు వంక లేదు మాస్టారూ. త్రిశంకుడు వస్తాడని తెలుసు, మరీ మొదటి బస్సుకే దిగుతాడనుకోలేదు. ఇంతకీ చూసేవాడేడీ?

గిద్దలూరు మాస్టారు: మే నెల రాత్రి తొమ్మిదింటికి సూర్యలంక ఒడ్డున నిలబడి దక్షిణానికి తిరగండి, త్రిశంకుడి పేరున్న నాలుగు చుక్కల గుంపు కనబడుతుంది. చూసేవారు తమరే.

తాటాకు: చూశానండీ. ఆ నాలుగు చుక్కల్లో బాగా మెరిసేదాని వెలుగు బయల్దేరి 300 ఏళ్లు దాటింది. మీ త్రిశంకుడు ఇప్పుడేం చేస్తున్నాడో ఎవరికెరుక!

కొత్తావకాయ:
భూమి చుట్టు తిరిగి భూరివేగముతోడ
తేలు వ్యోమగామి దినమునందు
పగలు రాత్రి చూచె పదునారు మార్లు
పడినవాడు నేల పడక నిలిచె

గిద్దలూరు మాస్టారు: మూడో పాదం చివర కాలు తెగిందమ్మా. ‘మార్లును’ అంటే సరిపోతుంది. ఊహ మాత్రం దివ్యం. 400 కిలోమీటర్ల ఎత్తున కూడా భూమి లాగుతూనే ఉంటుంది, అతను పడుతూనే ఉంటాడు. కానీ సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా పరుగెత్తేవాణ్ని ‘నిలిచె’ అంటే ఎలా?

చుక్కలరాయుడు:
కృష్ణబిలములోకి గిరగిర తిరుగుచు
జారువాని జూచు జనుల కంట
దూరమందునుండి దుర్భిణి పట్టగా
పడినవాడు నేల పడక నిలిచె

తాటాకు: కృ–గి యతి ముచ్చటగా ఉంది. కృష్ణబిలానికి నేలెక్కడిది స్వామీ?

చుక్కలరాయుడు: విరిచి చదవండి. పడినవాడును, ఏల పడక నిలిచె? అది దుర్భిణి పట్టినవాడి ప్రశ్న. పడేవాడు తన గడియారం ప్రకారం మామూలుగానే కృష్ణబిలం అంచు, అంటే వెలుగైనా తిరిగి రాలేని గీత, దాటిపోతాడు. అంచుకు దగ్గరయ్యేకొద్దీ అతని నుంచి వచ్చే వెలుగు ఇంకా ఇంకా ఆలస్యమవుతుంది కాబట్టి బయటివాడికి అతను దాటడం ఎప్పటికీ కనబడదు.

కొత్తావకాయ: అయ్యబాబోయ్, ‘నేల’నే మాయం చేశారు! ఈ వారం వీరతాడు మీదే.

గిద్దలూరు మాస్టారు: విరుపు ఒప్పుకున్నాం. నిలవడమే ఒప్పుకోం. ఆ వెలుగు ఎర్రబారి, మసకబారి, కాసేపటికి కంటికే ఆనదు. ‘నిలిచె’ కాదు, ‘మలిగె’. అయినా గత వారం యతి కోసం ఉల్కను నక్షత్రం చేసినవారికి ఇదొక లెక్కా?

చుక్కలరాయుడు: ఊళ్లో అందరూ ‘చుక్క రాలింది’ అనే అంటారు మాస్టారూ. ఆ మాటకొస్తే ఉగాది పూరణలో కోకిల చేత శ్రావణంలో కూయించింది ఎవరో?

తాటాకు: ఆ పద్యం నా దగ్గర భద్రంగా ఉంది. పెట్టమంటారా?

నిర్వాహకుడు: పెట్టండి. మాస్టారు గారూ, మీరు మాత్రం దిద్దడానికి వీల్లేదు.