శాంటా క్లారా డెల్ కోబ్రే రాగి మ్యూజియానికి వెళ్లొచ్చినవాళ్లు ఉన్నారా?

నమస్తే అండీ. మేం మెక్సికోలో, గ్వాదలహారాలో ఉంటున్నాం. ఆగస్టులో మా అత్తయ్యగారు ఇండియా నుంచి వస్తున్నారు. ఆవిడకి రాగి, ఇత్తడి సామానంటే ప్రాణం. అందుకని మిచోవాకాన్ రాష్ట్రంలో, పాట్స్‌క్వారో ఊరి దగ్గరున్న శాంటా క్లారా డెల్ కోబ్రేకి తీసుకెళ్దామనుకుంటున్నాం. రాగి మ్యూజియం ఆ ఊళ్లోనే ఉంది.

అక్కడి మూలవాసులైన పురేపెచా వాళ్లు స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ రాగి పని చేస్తున్నవాళ్లే. ఇప్పుడైతే పాత కరెంటు తీగల రాగిని కరిగించి ముద్ద పోస్తారు. దాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, నలుగురైదుగురు చుట్టూ నిలబడి వంతులవారీగా సమ్మెటలతో కొడతారు. ఎక్కడా అతుకు లేకుండా ఒకే ముద్దలోంచి కూజా మొత్తం సాగదీస్తారు. నాకు చూడాలనున్నది అదే. అద్దాల బీరువాలో పెట్టిన కూజాలదేముంది, ఫొటోల్లో చూసుకోవచ్చు.

ఈ సమ్మెట పని మ్యూజియంలోనే చూపిస్తారా, లేక ఊళ్లో కొలిమిల దగ్గరికి వెళ్లి అడగాలా? ఆగస్టులో అక్కడ జాతీయ రాగి ఉత్సవం, పోటీలు జరుగుతాయి కదా, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో ఆ రద్దీలో తిరగగలమా? ఉత్సవం అయ్యాక వెళ్తే కొలిములు నడుస్తూ ఉంటాయా?

ఇంకోటి. నీళ్లు తాగడానికి ఒక చెంబు కొనాలి. అలంకరణ సామానుకి మెరుపు పోకుండా వార్నిష్ కొడుతుంటారు, అది మనకి పనికిరాదు. పైగా అత్తయ్యగారు ఏ రాగి కనబడినా చింతపండు పెట్టి తోమేస్తారు! పూత లేనిది కావాలంటే అక్కడ ఏమని అడగాలి? నా స్పానిష్ అంతంతమాత్రం. ఎవరైనా ఈమధ్య వెళ్లొచ్చుంటే దయచేసి చెప్పండి.