రోమన్ చక్రవర్తి టిబేరియస్ వెండి నాణెం డెనారియస్: బొరుసు చదవడం, వెండి తేల్చడం (నాణేల చర్చ; ముందున్నవి మాట్లాడేవారి మారుపేర్లు)

పాతబిళ్ల: వ్యాసం 18 మి.మీ., బరువు 3.12 గ్రాములు. బొమ్మ వైపు ఆకుల దండ చుట్టిన తల, బొరుసు మీద కుర్చీలో స్త్రీ. అక్షరాలు సగం అరిగాయి. ఎవరిది? వెండేనా?

లుగ్దునం: స్త్రీ కుడిచేతిలో రాజదండం, ఎడమచేతిలో కొమ్మ ఉంటే టిబేరియస్‌ది (క్రీ.శ. 14–37). చుట్టూ ‘పొంటిఫ్ మాక్సిమ్’ (ప్రధాన పూజారి అనే బిరుదు) అని ఉండాలి. ఆమెను చాలామంది టిబేరియస్ తల్లి లివియా అంటారు, బిళ్ల మీద మాత్రం పేరు లేదు. కుర్చీ కాళ్లు సాదావా, నగిషీవా చూడండి, రకాలు అక్కడే విడిపోతాయి. కూర్చున్న స్త్రీకి బదులు డాళ్లూ ఈటెలతో ఇద్దరు నిలబడి ఉంటే అది అంతకుముందటి చక్రవర్తి అగస్టస్ మనవలు గాయస్, లూసియస్‌ల బిళ్ల. దక్షిణ భారతంలో ఎక్కువగా బయటపడేవి ఈ రెండే. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి బరువూ వెండీ తగ్గించాక ఇక్కడి వర్తకులు పాతవే కోరారన్న వాదన ఉంది.

కృష్ణాతీరం: బరువే అనుమానం. ఈ రకం మామూలుగా 3.6–3.9 ఉంటుంది, ఎంత అరిగినా 3.12 తక్కువే. సాంద్రత చూడండి. నీళ్ల గ్లాసు త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. బిళ్లను సన్నని దారంతో అడుగు తాకకుండా ముంచండి. పొడి బరువును అప్పుడు వచ్చిన అంకెతో భాగిస్తే సాంద్రత. మంచి వెండికి 10.2–10.5. గాలి బుడగ అంటుకుంటే తక్కువ చూపిస్తుంది, నీళ్లలో ఒక చుక్క సబ్బు వేయండి.

లుగ్దునం: ఒక సవరణ. సాంద్రత చెప్పేది లోహమే. వెండితోనే పోతపోసిన నకిలీ ఈ పరీక్ష నెగ్గుతుంది. పది రెట్ల భూతద్దంలో అంచున అతుకు గీత, ఖాళీ చోట్ల గుండ్రటి గుంటలు, మొద్దుబారిన అక్షరాలు కనబడితే అది పోతపోసిందే.

పాతబిళ్ల: నీళ్లలో 0.34. అంచున ఒకచోట ఎర్రగా ఉంది. అక్షరాలు పదునే.

కృష్ణాతీరం: 3.12 ÷ 0.34 = 9.2. రాగి 8.96, కాబట్టి లోపల రాగి, పైన వెండి రేకు. ఇలాంటి దొంగ నాణేలు రోమన్ల కాలంలోనే కొట్టారు, పారేయకండి. చింతపండు, అల్యూమినియం రేకు–వంటసోడా చిట్కాలేవీ వద్దు, రేకు లేస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి బాగా ఆరనివ్వండి, చాలు.

గోలకొండ: పొలంలో దొరికిందైతే ముందు కలెక్టరుకు తెలపాలి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ (భూమిలో దొరికిన నిధుల) చట్టంలో పరిమితి పది రూపాయలే, విలువ అది దాటితే తెలపాల్సిందే.