నాటకం, చిన్న సినిమా రెండూ ఒకేసారి వచ్చినప్పుడు నటుడు ఏం చూసుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను 11 ఏళ్లుగా రంగస్థలం మీదనే పనిచేస్తున్నాను. మా నాటకం చూసిన ఒక యువ దర్శకుడు తన స్వతంత్ర చిత్రంలో ప్రధాన పాత్ర చేయమని అడిగారు. 26 రోజుల చిత్రీకరణ ఐదు నెలల వ్యవధిలో మూడు విడతలుగా సాగుతుందని, పారితోషికంలో కొంత అడ్వాన్సుగా ఇచ్చి మిగిలినది సినిమా అమ్ముడయ్యాక చెల్లిస్తామని నిర్మాత చెబుతున్నారు. రెండో విడత జరగవలసిన రోజుల్లోనే మా బృందం కొత్త నాటకానికి రిహార్సళ్లు మొదలుపెడుతోంది. నాకు రెండూ చేయాలని ఉంది, కానీ ఎవరికీ మాట తప్పకూడదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి. ఒక రోజు పరీక్షగా చిత్రీకరణ చేశారు. కథలో దాదాపు చివర వచ్చే 61వ సన్నివేశాన్నే ముందు తీశారు. ప్రతి టేక్ తరువాత దర్శకుడు “ఇంకా తగ్గించండి” అన్నారు. నేను గొంతు తగ్గించాను, చేతులు కదపడం మానేశాను, ముఖాన్ని అదుపులో పెట్టుకున్నాను. తరువాత తెర మీద చూసుకుంటే ఆ శరీరంలో ప్రాణం లేనట్టు అనిపించింది. రెండు చోట్లా పనిచేసిన అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం (నాటకాల్లోనూ సినిమాల్లోనూ నటిస్తున్న వ్యక్తి)

“తగ్గించండి” అన్న మాటను మీరు అనుభూతిని తగ్గించమన్నట్టుగా తీసుకున్నారని నాకు అనిపిస్తోంది. నాటకం నుంచి వచ్చిన మాలో చాలామంది మొదట చేసే పొరపాటు ఇదే. నిజానికి మారవలసింది దూరం. రంగస్థలం మీద మీ మాట చివరి వరుసలో కూర్చున్న మనిషికి చేరాలి కాబట్టి వాచికమూ (మాట తీరు) ఆంగికమూ (శరీర కదలిక) ఆ కొలతకు పెరుగుతాయి. క్లోజప్‌లో మీ మాట చేరవలసినది చేయి చాపితే అందేంత దూరంలో ఉన్న ఎదుటి పాత్రకే. అంత దగ్గరి మనిషితో నిజంగా మాట్లాడితే గొంతు దానంతట అదే దిగుతుంది, చేయి అనవసరంగా లేవదు. లోపలి ఆలోచన మాత్రం నాటకంలో ఎంత బలంగా ఉండేదో అంతే బలంగా ఉండాలి, ఎందుకంటే కెమెరా అన్నిటికంటే ముందు పట్టుకునేది సాత్త్వికాన్నే, అంటే లోపలి నుంచి వచ్చే భావాన్నే. మీరు ముఖాన్ని అదుపు చేయడం మీద మనసు పెట్టిన క్షణంలో పాత్ర ఆలోచించడం మానేసింది. తెర మీద మీకు కనబడిన వెలితి అదే.

ప్రతి షాట్‌కు ముందు, ఫ్రేమ్‌లో మీరు ఎక్కడి వరకు కనిపిస్తారో కెమెరా సహాయకులను అడగండి. అందులో చిన్నతనమేమీ లేదు. నిలువెత్తు కనిపించే షాట్‌లో మీ రంగస్థల శరీరం ఎంతో ఉపయోగపడుతుంది, ముఖం మాత్రమే కనిపించే షాట్‌లో తల ఒక అంగుళం పక్కకు జరిగినా పెద్ద కదలికే. ఎదుటి నటుడి రెండు కళ్లలో కెమెరాకు దగ్గరగా ఉన్న కంటినే చూస్తూ మాట్లాడితే, చూపు అటూ ఇటూ ఊగకుండా నిలుస్తుంది. సన్నివేశం మొత్తాన్ని సాధారణంగా ముందు దూరం నుంచి తీసి తరువాత దగ్గరికి వస్తారు కనుక, మొదటి షాట్‌లో ఏ మాట మీద గ్లాసు ఎత్తారో, ఏ మాట మీద కూర్చున్నారో గుర్తుంచుకొని ప్రతిసారీ అలాగే చేయండి. లేకపోతే షాట్లు ఒకదానితో ఒకటి కలవక, మీరు ఎంత బాగా నటించిన టేక్ అయినా ఎడిటింగ్ బల్ల మీద పక్కన పడిపోతుంది. నాటకంలో పని ఎలా చేశామన్నది ఏ రాత్రికి ఆ రాత్రి మారినా ఇబ్బంది లేదు. ఇక్కడ అది కుదరదు.

సన్నివేశాలను వరుస తప్పించి తీయడానికి మందు ఒక నోటు పుస్తకం. సన్నివేశాలన్నిటినీ కథాక్రమంలో రాసుకొని, ఒక్కొక్క దాని కింద ఈ వ్యక్తి ఎక్కడి నుంచి వస్తున్నాడు, ఈ క్షణానికి ఏం తెలుసు, ఏం తెలియదు, ఎంత అలసిపోయి ఉన్నాడు, ఎవరి నుంచి ఏం కోరుతున్నాడు అన్నది రెండు మూడు పంక్తుల్లో నింపండి. రష్యన్ నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ తన నటులు పాత్ర పరిస్థితుల గురించి అడగాలని కోరుకున్న ప్రశ్నలు ఇలాంటివే. నాటకంలో మొదటి అంకం రెండో అంకానికి మనల్ని చేయి పట్టి తీసుకువెళ్తుంది కాబట్టి వీటిని రాసుకోకపోయినా నడుస్తుంది. సినిమాలో ఆ చేయి ఉండదు.

రెండో సమాధానం (చిన్న చిత్రాల నిర్మాణ నిర్వహణలో ఉన్న వ్యక్తి)

నేను డబ్బు గురించే చెబుతాను. పారితోషికంలో కొంత వాయిదా వేసుకోవడం తప్పేమీ కాదు, చాలా చిన్న చిత్రాలు అలాగే పూర్తవుతాయి. అయితే “అమ్ముడయ్యాక” అన్న మాటకు ఒప్పందంలో అర్థం రాసి ఉండాలి. ఏ రాబడి నుంచి, ఏయే ఖర్చులు మినహాయించాక, ఎవరెవరి తరువాత మీ వంతు వస్తుంది, లెక్కలు ఎన్ని నెలలకొకసారి చూపిస్తారు అన్నవి కాగితం మీద లేకపోతే, ఆ మిగిలిన మొత్తాన్ని మీరు వదులుకున్నట్టే భావించి, అప్పుడు కూడా ఆ పాత్ర చేయాలనిపిస్తుందో లేదో ఆలోచించండి. లాభాల్లో వాటా వేరు, వాయిదా వేసిన నిర్ణీత మొత్తం వేరు. లాభం అన్నది లెక్కల్లో ఎప్పటికీ తేలకపోవచ్చు కనుక నిర్ణీత మొత్తాన్నే అడగండి. ప్రయాణం, భోజనం, బస ఖర్చులు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాయిదా పడకూడదు.

26 రోజులు దాటితే రోజుకు ఎంత, డబ్బింగ్ రోజులు ఆ లెక్కలోకి వస్తాయా, మళ్లీ తీయవలసి వస్తే ఏమిటి, సెట్ మీద గాయమైతే వైద్యం ఎవరిది అన్నవి కూడా సంతకానికి ముందే తేల్చుకోవాలి. మీ ముఖాన్ని, గొంతును కంప్యూటర్‌లో పునఃసృష్టించి మరోచోట వాడకూడదని ఒక వాక్యం రాయించండి. 2023లో అమెరికా నటుల సంఘం 118 రోజులు సమ్మె చేసినప్పుడు ప్రధాన డిమాండ్లలో ఇది ఒకటి. దృశ్య శ్రవణ ప్రదర్శనల్లో నటుల హక్కుల కోసం 2012లో బీజింగ్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2020లో అమలులోకి వచ్చింది కానీ, అందులో చేరిన దేశాలకే అది వర్తిస్తుంది. మీ చేతిలోని కాగితమే మీకు దగ్గరి రక్షణ. చివరగా, సినిమా బయటికి వచ్చాక మీ సన్నివేశాలు కొన్ని మీ షోరీల్ (మీ నటన చూపించే చిన్న వీడియో) కోసం ఇవ్వాలని అడగండి. నిర్మాతకు దానివల్ల ఖర్చేమీ ఉండదు, మీకు మాత్రం తరువాతి ఆడిషన్‌కు అది అవసరం.

మూడో సమాధానం (నాటక దర్శకురాలు)

మీ బృందం తరఫున మాట్లాడుతున్నాననుకోండి. సినిమా ఒప్పుకోకముందే మీ దర్శకులకు చెప్పండి. ప్రారంభ ప్రదర్శనకు నాలుగు రోజుల ముందు, చిత్రీకరణ పొడిగించారని ఒక నటుడు ఫోన్ చేసినప్పుడు, మిగతా ఎనిమిది మంది రెండు నెలల శ్రమ ఏమైపోతుందోనని నేను పడిన బాధ ఇప్పటికీ గుర్తుంది. ఆయన చెడ్డవాడు కాదు, ముందే చెప్పడానికి మొహమాటపడ్డాడు, అంతే.

చిన్న సినిమా తేదీలు కదులుతాయి. వర్షం వల్ల, స్థలం దొరకకపోవడం వల్ల, డబ్బు ఆలస్యం కావడం వల్ల అవి మారి తీరుతాయనే అనుకోండి. అందుకని మీరు ఖాళీగా ఉన్న రోజులను కాక, ఖాళీగా లేని రోజులను ఒప్పందంలో రాయించండి. రిహార్సళ్ల తొలి వారంలో మీరు కొన్ని రోజులు లేకపోయినా, మరొకరు మీ స్థానంలో నిలబడి సంభాషణలు చదివితే పని నడుస్తుంది. చివరి పది రోజులు, ముఖ్యంగా లైట్లతో సంగీతంతో కలిపి చేసే రిహార్సళ్లలో, మీరు తప్పనిసరిగా ఉండాలి. రాత్రంతా చిత్రీకరణ చేసి మరుసటి సాయంత్రం వేదిక ఎక్కే పరిస్థితి రానివ్వకండి. బొంగురుతనం మూడు నాలుగు వారాలకు మించి ఉంటే గొంతు వైద్యులను కలవాలి, మందు బిళ్లలతో నెట్టుకురాకూడదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్ననే మా దర్శకులతో మాట్లాడాను. తొలి వారం నా స్థానంలో మరొకరు నిలబడడానికి ఆయన ఒప్పుకున్నారు. చివరి పది రోజులను ఖాళీ లేని రోజులుగా రాసి సినిమా నిర్మాతకు పంపాను. వాయిదా మొత్తం గురించి ఆయన ఇంకా జవాబు ఇవ్వలేదు, అది వచ్చేవరకు సంతకం చేయను.

రాత్రి నోటు పుస్తకం మొదలుపెట్టి 61వ సన్నివేశం దాకా రాశాను. తమ్ముడు ఇక తిరిగి రాడని ఈ వ్యక్తికి 48వ సన్నివేశంలోనే తెలిసిపోతుంది. పరీక్ష రోజున నేను ఆ సంగతి అప్పుడే విన్నవాడిలా నటించాను, దాన్ని 13 సన్నివేశాలుగా లోపల మోస్తున్నవాడిలా కాదు.