అమ్మకి ఆస్తమా ఇంజెక్షన్ అంటున్నారు, అది కూడా స్టెరాయిడేనా?

ప్రశ్న:
మా అమ్మకి 54 ఏళ్లు, ఎప్పటినుంచో ఆస్తమా. బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ రెండు పూటలా వాడుతుంది, రాత్రికి మాంటెలుకాస్ట్ మాత్ర. అయినా చలికాలం వస్తే పిల్లికూతలు, ఆయాసం, మళ్లీ స్టెరాయిడ్ మాత్రల కోర్సు. వాటితో షుగర్ కూడా పెరుగుతోంది. ఇప్పుడు డాక్టర్ గారు నెలకో ఇంజెక్షన్ ఆలోచిద్దాం అన్నారు. ఖరీదు వినగానే టెన్షన్ పట్టుకుంది. అది కూడా స్టెరాయిడేనా? మొదలుపెడితే ఇన్‌హేలర్ మానేయవచ్చా? రక్తంలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) 90 ఉన్నాయి, నార్మలే అన్నారు.

జవాబు:
నేను ఫార్మసిస్టునండీ, డాక్టర్ని కాదు. ఆ ఇంజెక్షన్ స్టెరాయిడ్ కాదు. మిగతాది చెప్పే ముందు ఒకటి అడగాలి. ఆ రక్తపరీక్ష ప్రెడ్నిసొలోన్, అంటే ఆ స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నప్పుడు చేయించారా?

ప్రశ్న అడిగినవారు:
అవునండీ, కోర్సు మధ్యలోనే. పాత ఫైల్లో మాత్రలు వాడనప్పటి రిపోర్టు ఒకటి దొరికింది. అందులో 640 ఉంది.

జవాబు:
ఆ పాత కాగితం తప్పకుండా చూపించండి. స్టెరాయిడ్ మాత్రలు పడగానే రక్తంలో ఇసినోఫిల్స్ తగ్గిపోతాయి కాబట్టి 90ని నమ్మలేం. ఏ ఇంజెక్షన్ పనికొస్తుందో తేల్చడానికి చూసేవాటిలో ఈ లెక్కే ముఖ్యం.

ఆస్తమాలో శ్వాసనాళాల లోపలి వాపు అందరికీ ఒకే దారిలో రాదు. స్టెరాయిడ్ అన్ని దారుల్నీ కొంచెం కొంచెం అణుస్తుంది. ఇంజెక్షన్ ఒక్కో దారినే మూసేస్తుంది. ఇసినోఫిల్స్‌ని పెంచి పోషించే సంకేతం ఐఎల్-5. మెపోలిజుమాబ్ దాన్నే పట్టుకుంటుంది, 4 వారాలకోసారి 100 మి.గ్రా. బెన్రలిజుమాబ్ ఆ కణం మీదున్న గ్రాహకానికి అంటుకుని కణాన్నే తొలగిస్తుంది. మొదటి మూడు డోసుల తర్వాత 8 వారాలకోసారి చాలు. దుమ్ము, బొద్దింకల్లాంటి అలర్జీ ఉండి ఐజీఈ (రక్తంలో అలర్జీకి సంబంధించిన యాంటీబాడీ) ఎక్కువున్నవాళ్లకి ఒమాలిజుమాబ్. ఈ రకంలో అమెరికాలో మొదట, 2003లో, అనుమతి వచ్చింది దానికే. డుపిలుమాబ్ ఐఎల్-4, ఐఎల్-13 దారి మూస్తుంది, ముక్కులో పాలిప్స్ (మెత్తటి కండ పెరుగుదలలు) కూడా ఉంటే దాని గురించి అడగండి.

640 చూస్తే ఐఎల్-5 మందులు మాటల్లోకి రావచ్చు, నిర్ణయం మాత్రం డాక్టర్‌దే. నులిపురుగులున్నా ఇసినోఫిల్స్ పెరుగుతాయి, మలపరీక్ష అవసరమా అని అడగండి. కోస్తాలో ఫైలేరియా ఉన్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి రాత్రిళ్లు దగ్గు వస్తూ ఈ లెక్క 3000 దాటితే అది వేరే జబ్బు, డీఈసీ అనే ఫైలేరియా మందు మాత్రలతో తగ్గుతుంది.

ఇన్‌హేలర్ మాత్రం మానకూడదు. అసలు ఇంజెక్షన్ దాకా వెళ్లే ముందు అమ్మగారు దాన్ని ఎలా పీలుస్తున్నారో డాక్టర్ ముందే చేయించి చూపించండి. పొడి రకమైతే గట్టిగా, వేగంగా పీల్చాలి. గ్యాస్ రకమైతే స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) పెట్టి నెమ్మదిగా పీల్చాలి. ఒకదానిలా ఇంకొకటి పీల్చేవాళ్లే మా కౌంటర్ దగ్గర ఎక్కువ కనిపిస్తారు, మందంతా గొంతులోనే పడిపోతుంది. తర్వాత నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయాలి.

ఖర్చు సంగతి: బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన ఆధునిక చికిత్సల జాబితాలో మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్లు ఉన్నాయి, పైన చెప్పినవన్నీ ఆ రకమే. మీ పాలసీలో వాటికి ఎంత పరిమితి పెట్టారో, డేకేర్ (అదే రోజు ఇంటికి పంపే చికిత్స) కింద ఒప్పుకుంటారో మెయిల్‌లో అడగండి, ఫోన్ మాట మీద ఆధారపడొద్దు.

మరో సభ్యురాలు:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మా బాబుకి మాంటెలుకాస్ట్ మొదలుపెట్టాక నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తున్నాడు. మందు వల్లేనా?

జవాబు:
అయ్యుండొచ్చమ్మా. అది ల్యూకోట్రయీన్లనే వాపు రసాయనాలను అడ్డుకునే మందు. పీడకలలు, చిరాకు, దిగులు రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో దాని మీద అతి తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. రేపే పిల్లల డాక్టర్‌కి చెప్పండి, వచ్చే నెల చెకప్ దాకా ఆగొద్దు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. ఇంజెక్షన్ పనిచేస్తోందో లేదో ఎన్నాళ్లకి తెలుస్తుంది?

జవాబు:
కనీసం 4 నెలలు చూస్తారు. అటాక్‌లు తగ్గాయా, స్టెరాయిడ్ కోర్సులు తగ్గాయా అన్నదే లెక్క. ఏ తేదీన ఆయాసం వచ్చింది, ఏ మాత్ర ఎన్ని రోజులు వాడారు అన్నది ఇప్పటినుంచే ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. రోజూ ప్రెడ్నిసొలోన్ మీదే ఉండాల్సి వస్తే మాత్రం ఇంజెక్షన్ మొదలైంది కదా అని దాన్ని ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టర్ చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి.