ఎర్రచందనం కూలీకి మెర్టన్ సరిపోతాడా, సదర్లాండా?

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎం.ఏ. సోషియాలజీ చదువుతున్నాను. మనుషులు నేరాలు ఎందుకు చేస్తారన్న దాని మీద సోమవారం సెమినార్, టెన్షన్‌గా ఉంది. కొందరు పుట్టుకతోనే నేరస్తులని, దవడ, చెవులు చూసి పోల్చొచ్చని 1876లో ఇటలీ నేరశాస్త్రవేత్త లాంబ్రోసో చెప్పింది ఎందుకు నిలబడదో రాసేశాను. (అంతకు ఐదేళ్ల ముందే, 1871లో, బ్రిటిష్‌వాళ్లు తెగలకు తెగలనే నేరస్తులుగా ముద్రవేసే చట్టం తెచ్చారు మరి!)

చిక్కల్లా శేషాచలం అడవిలో ఎర్రచందనం నరికే కూలీ దగ్గరే. సంపాదించాలనే ఆశ అందరికీ నూరిపోసి, సరైన దారి కొందరికే ఇస్తే మిగతావాళ్లలో కొందరు నేరం వైపు పోతారన్న అమెరికా సోషియాలజిస్ట్ మెర్టన్ 1938 నాటి వాదన అతనికి అతుకుతుంది. కానీ ముందే వెళ్లొచ్చినవాళ్ల వెంట గొడ్డలి పట్టుకుని పోయి, పైన తెల్లచెక్క చెక్కేసి ఎర్రటి చేవ మిగల్చడం అక్కడే నేర్చుకుంటాడు కదా, అది, నేరం చేయడం దగ్గరివాళ్లతో తిరిగి నేర్చుకుంటారని ఇంకో అమెరికా సోషియాలజిస్ట్ సదర్లాండ్ చెప్పిన సహవాసం కాదా?

రెండూ కలిపి రాయొచ్చా? కూలీని, వెనకున్న స్మగ్లర్‌ని ఒకే గాటన కట్టడం నాకైతే నచ్చడం లేదు. ఈ సబ్జెక్టు చదివిన అన్నలూ అక్కలూ, కాస్త చెప్పండి.