అప్‌డేట్: ‘అవతార్’ రెండో భాగంలో నీళ్లు నిజమే

2022లో వచ్చిన ‘అవతార్: ది వే ఆఫ్ వాటర్’లో నటులు నిజంగా నీళ్లలో దిగారా, అంతా కంప్యూటర్ మాయేనా అని అడిగాను కదా. బరంపురంలో మా బావమరిదితో పందెం మరి!

దిగారు. దర్శకుడు జేమ్స్ కామెరాన్ భారీ నీళ్ల ట్యాంకులోనే వాళ్ల కదలికలను రికార్డు చేయించాడు. వీపున గాలి సిలిండర్లుంటే బుడగలు లేచి కెమెరాలను తికమక పెడతాయి. అందుకే అందరూ ఊపిరి బిగబట్టడం నేర్చుకున్నారు. నటి కేట్ విన్‌స్లెట్ అయితే 7 నిమిషాలకు పైగా! నాకు తెగ నచ్చింది మాత్రం తెల్ల బంతులు. పైనున్న దీపాల వెలుగు లోపలికి దిగి రికార్డింగును చెడగొట్టకుండా నీటిపై చిన్న చిన్న బంతులు పరిచారు. నటులు వాటిని తోసుకుని హాయిగా తల పైకెత్తవచ్చు.

బావమరిది ఒప్పుకుంటేగా! ‘ఆ పాత్రల నీలి తోకలు కంప్యూటర్‌వే కదా’ అంటాడు. అదీ నిజమే. గోపాలపూర్‌లో చేపల భోజనం ఖర్చు చెరి సగం.