చుట్టుకునే సిగరెట్ మాని వేప్ పడితే నిజంగా డబ్బు మిగులుతుందా?

కొర్లగుంట_కుర్రోడు

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. రెండున్నరేళ్ళుగా ఇంగ్లాండులో, లెస్టర్‌లో ఉంటున్నాను. వచ్చిన కొత్తలో పాకెట్ సిగరెట్ రేటు చూసి కళ్ళు తిరిగాయి. రూమ్‌లో అందరూ చేసేదే నేనూ చేశాను. పొగాకు పౌచ్, పేపర్లు, ఫిల్టర్లు కొని సొంతంగా చుట్టుకోవడం నేర్చుకున్నాను. చవకని మొదలుపెట్టింది ఇప్పుడు చవకగా లేదు.

నా లెక్క చూడండి. 30 గ్రాముల పౌచ్ 22 పౌండ్లు. 2017 నుంచి ఇక్కడ అంతకంటే చిన్న పౌచ్ అమ్మకూడదు కాబట్టి తక్కువ కొనే దారి లేదు. సన్నగా చుడితే అరవై వస్తాయి. నాకు రోజుకు పన్నెండు, అంటే ఐదు రోజులకు ఖాళీ. నెలకు ఆరు పౌచ్‌లు, 132 పౌండ్లు. పేపర్లూ ఫిల్టర్లూ ఇంకో 8. మొత్తం 140.

వేప్ (ఈ-సిగరెట్) అయితే పాడ్ కిట్, అంటే బ్యాటరీ, లిక్విడ్ పోసుకునే చిన్న డబ్బా (పాడ్) కలిపి 20, అది ఒక్కసారే. 10 మిల్లీలీటర్ల లిక్విడ్ సీసా మూడున్నర, నెలకు ఎనిమిది సీసాలు, 28. పాడ్‌లు నాలుగు, 13. మొదటి నెల 61, ఆ తర్వాత 41. ఏడాదికి 1,168 పౌండ్లు మిగలాలి.

కాగితం మీద ఇంత బాగుంది సరే, మరి మా రూమ్మేట్ మూడు నెలలకే దాన్ని డ్రాయర్‌లో పడేసి మళ్ళీ పౌచ్ ఎందుకు కొన్నాడు? నాకు అర్థం కాని సంగతి అదే. ఇంకొకటి, సంక్రాంతికి పది రోజులు ఊరికి వస్తున్నాను. వేప్ వెంట తెచ్చుకోవచ్చా?

లీలామహల్_సెంటర్

రెండూ మానేస్తే నెలకు 140 మిగులుతుంది. కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

గ్రీమ్స్‌పేట

పైనాయన మాటకు తిరుగు లేదు గానీ, అలా మానేయగలిగినవాడు ఈ ప్రశ్న అడగడు కదప్పా.

మాది చిత్తూరు. మాంచెస్టర్‌లో ఉంటున్నాను, పౌచ్ వదిలి నాలుగేళ్ళయింది. తమ్ముడి లెక్క సరిగ్గానే ఉంది. రూమ్మేట్ ఎక్కడ దెబ్బతిన్నాడో కూడా చెప్పగలను. అంగడికి పోయి, కౌంటర్ మీద పెద్దగా మెరుస్తున్నదాన్ని చూపించి "అది ఇవ్వండి" అని ఉంటాడు. పొగ మేఘంలా వచ్చే రకం. అది రోజుకు సీసా తాగేస్తుంది. ఎనిమిది సీసాలు అనుకున్నది ముప్పై అవుతాయి. పైగా దాంట్లో లాగినది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చుట్టుకున్న సిగరెట్ అలా తాగం కదా. ముందు నోట్లోకి లాగి, తర్వాత లోపలికి తీసుకుంటాం. ఆ పద్ధతికి సరిపోయే చిన్న పాడ్ కిట్ కావాలి. గట్టిగా, సన్నగా లాగేది.

రెండోది నికోటిన్. బ్రిటన్‌లో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు, నికోటిన్ ఉన్న సీసా 10 మిల్లీలీటర్లు దాటకూడదు. కొత్తవాళ్ళు "ఎందుకొచ్చిన గొడవ, తక్కువతో మొదలుపెడదాం" అని 3 మిల్లీగ్రాములది కొంటారు. రోజుకు పన్నెండు తాగేవాడికి అది ఏ మూలకు? పొద్దస్తమానం లాగుతూనే ఉంటాడు, సీసాలు ఖాళీ అవుతాయి, ఆశ తీరదు, మళ్ళీ పౌచ్. 10 గానీ 20 గానీ మిల్లీగ్రాముల నికోటిన్ సాల్ట్ లిక్విడ్, అంటే గొంతులో గరుకు తక్కువ ఉండే రకం, తీసుకో. తక్కువ లాగుతావు, తక్కువ ఖర్చవుతుంది.

మూడోది చిన్న విషయమే గానీ డబ్బంతా అక్కడే పోతుంది. కొత్త పాడ్‌లో లిక్విడ్ పోయగానే లాగకూడదు. లోపల కాయిల్, అంటే వేడెక్కే తీగ, చుట్టూ దూది ఉంటుంది. అది తడవడానికి పది నిమిషాలు పక్కన పెట్టాలి. నేను మొదటిరోజు ఆగలేక లాగాను. గొంతులో కాలిన దూది వాసన, గడప దాటేలోపు దగ్గు. మూడు పౌండ్ల పాడ్ ఒక్క దమ్ముకు బూడిద. అలా మొదటి వారంలో మూడు తగలేశాను.

తిరుచానూరు_అక్క

తమ్ముడూ, నీ లెక్కలో ఒక వరస తప్పిపోయింది. మా ఆయన చేసిన ఘనకార్యం చెబుతాను విను. మేము రెడింగ్‌లో ఉన్నప్పటి మాట.

ఆయన వేప్ కొన్నాడు. ఇంట్లో, బాత్రూమ్‌లో, కారులో వేప్. ఆఫీసు బయట స్నేహితులతో నిలబడితే మాత్రం చుట్టుకున్న సిగరెట్. అడిగితే "తగ్గిస్తున్నానుగా" అంటాడు. తగ్గిన మాట నిజమే, నెలకు ఆరు పౌచ్‌లు నాలుగయ్యాయి. కానీ వేప్ సామాను కొత్తగా వచ్చి చేరింది. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని కూడితే, వేప్ కొనకముందు కంటే నెలకు పద్దెనిమిది పౌండ్లు ఎక్కువ. రెండు పడవల మీద కాళ్ళు అంటారే, అదే.

మగవాళ్ళందరూ "మారితే ఎంత మిగులుతుంది" అని లెక్క వేస్తారు. మారే నెల ఎంత అవుతుందో ఎవరూ వేయరు. ఆ నెల రెండు నెలలైతే రెండింతలు, మా ఇంట్లోలా ఏడు నెలలైతే ఇక చెప్పనక్కర్లేదు. ఇంట్లో పౌచ్ ఉన్నంతకాలం వేప్‌ది అదనపు ఖర్చే.

కొర్లగుంట_కుర్రోడు

అక్కా, మా రూమ్మేట్ కథ అచ్చం ఇదే.

ఎస్వీయూ_పాత_బ్యాచ్

నా గోల వేరే. ఇంగ్లాండులో డబ్బు మిగులుతుందా లేదా అని వీళ్ళు వాదించుకుంటున్నారు. మనకు వాదించుకునే అవకాశం కూడా లేదు. బస్టాండు ఎదురుగా ఏ బంకులోనైనా బీడీ కట్ట, సిగరెట్, ఖైనీ తీసుకోవచ్చు. అన్నిటికంటే తక్కువ హాని చేసేదాన్ని మాత్రం నిషేధించారు. ఇదెక్కడి న్యాయం? సిగరెట్లు చేసే ఐటీసీలో ప్రభుత్వ సంస్థ ఎల్‌ఐసీకి పెద్ద వాటా ఉంది. ఇంతకంటే విడమరచి చెప్పాలా? అక్కడ ప్రభుత్వం 2023లో పది లక్షల మంది పొగతాగేవాళ్ళకు వేప్ కిట్లు ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. ఇక్కడ జైలు.

మందుల_అంగడి

సార్, కోపంలో రెండు విషయాలు కలిపేశారు.

ముందు కుర్రోడి ప్రశ్నకు జవాబు: తేవద్దు నాయనా. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్ వచ్చింది, డిసెంబరులో చట్టమైంది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నిషేధమే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు గానీ, లక్ష దాకా జరిమానా గానీ, రెండూ గానీ. మళ్ళీ దొరికితే మూడేళ్ళు, ఐదు లక్షల దాకా. ఆ చట్టం తాగేవాడికని విడిగా శిక్ష రాయలేదు, నిజమే. కానీ చెన్నైలో విమానం దిగి బ్యాగులో కిట్ పెట్టుకుని బయటికొస్తే, నీ వరకు అది వాడుక అయినా కస్టమ్స్ వాళ్ళకు దిగుమతే. నెలకు వంద పౌండ్ల లెక్కలో ఈ లక్ష ఎక్కడ రాస్తావు? ఇక కొండకు పోయేటట్టుంటే అలిపిరి దగ్గర బ్యాగులు చూస్తారు. బీడీ కట్ట కూడా పైకి పోదు.

ఇప్పుడు సార్‌కు. బీడీని వదిలి దీన్ని పట్టుకోవడం వింతగానే ఉంది, నేనూ ఒప్పుకుంటాను. కానీ 2019 మేలో భారత వైద్య పరిశోధన మండలి పూర్తి నిషేధం కావాలని శ్వేతపత్రం ఇచ్చింది. వాళ్ళ భయం సిగరెట్ మానేవాళ్ళ గురించి కాదు, అసలు ముట్టనివాళ్ళ గురించి. పళ్ళ వాసనలతో, పెన్నులా కనిపించే వస్తువు ఇంటర్ పిల్లాడి జేబులో ఉంటే వాళ్ళమ్మకు ఎట్లా తెలుస్తుంది?

ఎస్వీయూ_పాత_బ్యాచ్

నిషేధించాక దొరకడం మానేసిందా? కాలేజీ పిల్లల దగ్గర లేదా? దొంగచాటున దొరుకుతోంది, అంతే తేడా. సీసాలో ఎంత నికోటిన్ ఉందో అడిగే దిక్కు లేదు. రేటు వాడు చెప్పిందే. పిల్లల్ని కాపాడాలంటే వయసు చూసి అమ్మమనండి, వాసనలు తగ్గించమనండి. నలభై ఏళ్ళ బీడీ మనిషికి దారి ఎందుకు మూస్తారు?

మందుల_అంగడి

బడికి వంద గజాల లోపల సిగరెట్ అమ్మకూడదని 2003 నుంచి చట్టం ఉంది. మన ఊళ్ళో ఏ బడి దగ్గరైనా గజాలు కొలుద్దాం రండి సార్. ఉన్న చట్టమే అమలు కాని చోట "వయసు చూసి అమ్ముతాం" అంటే నాకు నమ్మకం లేదు. అంతే నా వాదన.

గ్రీమ్స్‌పేట

ఇద్దరిలో ఎవరిది రైటో నేను తేల్చలేను. కానీ ఒక్క మాట. "వేప్‌తో ఎవరూ మానరు" అని బయట కొందరు అంటుంటారు, అది మాత్రం తప్పు. నికోటిన్ గమ్ము, ప్యాచ్‌లు వాడినవాళ్ళకంటే నికోటిన్ వేప్ వాడినవాళ్ళలో ఎక్కువమంది సిగరెట్ మానారని, వైద్య పరిశోధనలన్నీ కూర్చి చూసే కోక్రేన్ సంస్థ సమీక్షలు గట్టిగానే చెబుతున్నాయి. హాని లేదని ఎవరూ అనడం లేదు. పొగాకు కాలడం వల్ల వచ్చే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఇందులో ఉండవు. నికోటిన్ బానిసత్వం మాత్రం అలాగే ఉంటుంది. ఎప్పుడూ తాగనివాడు దీని జోలికి పోనక్కర్లేదు.

తమ్ముడూ, నీ లెక్కకు ఇంకో సవరణ. 2026 అక్టోబరు 1 నుంచి బ్రిటన్‌లో వేప్ లిక్విడ్ మీద 10 మిల్లీలీటర్లకు 2.20 పౌండ్లు సుంకం పడుతుంది, దాని మీద 20 శాతం వ్యాట్. అంటే సీసాకు 2.64. మూడున్నర సీసా ఆరు దాటుతుంది. నీ ఎనిమిది సీసాలకు నెలకు 21 పౌండ్లు పెరుగుతాయి, 41 కాస్తా 62 అవుతుంది. నికోటిన్ లేని లిక్విడ్‌కు కూడా అదే సుంకం, కాబట్టి పెద్ద సీసాలు కొని నికోటిన్ కలుపుకునే చవక మార్గం దెబ్బతింటుంది. అయితే అదే రోజు చుట్టుకునే పొగాకు మీద కూడా 50 గ్రాములకు 2.20 పెంచుతామన్నారు. తేడా తగ్గుతుంది, పోదు.

ఇంకోటి, కిట్ కొనకముందు లెస్టర్‌లో సిగరెట్ మాన్పించే సేవకు ఫోన్ చెయ్యి. 2014 నుంచే వాళ్ళు వేప్‌తో మానాలనుకునేవాళ్ళకు సాయం చేస్తున్నారు. కిట్ ఊరికే ఇస్తే ఇరవై పౌండ్లు అక్కడే మిగిలినట్టు.

లీలామహల్_సెంటర్

ఇన్ని సవరణలు మా ఇంటి ప్లానుకు కూడా రాలేదు.

కొర్లగుంట_కుర్రోడు

నెల తర్వాత మళ్ళీ వచ్చాను, మాట తప్పలేదు.

ఫోన్ చేశాను గానీ అపాయింట్‌మెంట్ రోజు షిఫ్ట్ పడింది, ఆగలేక కిట్ కొనేశాను. చిన్నదే, 20 పౌండ్లు. లిక్విడ్ తొమ్మిది సీసాలు, 31.50. అందులో రెండు మామిడి వాసనవి, సింకులో పారబోశాను. ఉమ్మడి చిత్తూరు జిల్లావాడికి ఆ వాసన మామిడి అని చెప్పడానికి వాళ్ళకు ధైర్యం ఎలా వచ్చిందో. పాడ్‌లు 13. పది నిమిషాలు ఆగమన్నారు కాబట్టి ఒక్కటీ కాలలేదు, గ్రీమ్స్‌పేట అన్నకు దండం.

పౌచ్‌లు రెండు, 44. పేపర్లు, ఫిల్టర్లు 3. అక్క చెప్పినట్టే, పని దగ్గర బ్రేక్‌లో అందరూ బయటికి పోతుంటే చెయ్యి ఊరుకోలేదు. పేపరు మడత పెట్టి, పొగాకు పరిచి, నాలుకతో తడి చేసి అంటించే ఆ అర నిమిషం వేప్‌లో లేదు. దానికి లిక్విడ్ ఏ అంగడిలోనూ అమ్మరు.

మొత్తం 111.50. పాత నెలకంటే 28.50 తక్కువ.

తిరుచానూరు_అక్క

ఆ రెండు పౌచ్‌లు, పేపర్లు, ఫిల్టర్లు లేకుంటే 64.50 అయ్యేది. మిగిలిన పౌచ్‌లో ఎంత ఉంది?

కొర్లగుంట_కుర్రోడు

పది గ్రాములు ఉంటుందేమో.

తిరుచానూరు_అక్క

పారెయ్యి.

కొర్లగుంట_కుర్రోడు

ఏడు పౌండ్లది అక్కా.

తిరుచానూరు_అక్క

మా ఆయన కూడా ఏడు నెలలు అదే మాట చెప్పాడు.

మందుల_అంగడి

ఊరికొచ్చే పది రోజులకు ఏం చేస్తావు? నికోటిన్ గమ్ము 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండానే ఇస్తాం, 4 కావాలంటే డాక్టర్ చీటీ ఉండాలి. ఒక్కోటి సుమారు పది పన్నెండు రూపాయలు. మామూలు బబుల్ గమ్ములా నమిలి "కడుపులో మంట, పనిచేయలేదు" అని తెచ్చిచ్చేవాళ్ళు నాకు వారానికి ఇద్దరు. మెల్లగా నమలాలి, చురుక్కుమనగానే ఆపి బుగ్గ పక్కన పెట్టుకోవాలి. ఆ చురుకు తగ్గితే మళ్ళీ. కాఫీ తాగి వెంటనే వేసుకోవద్దు, పావుగంట ఆగాలి.

కొర్లగుంట_కుర్రోడు

పది రోజులకు సరిపడా తీసిపెట్టండన్నా. కిట్ ఇక్కడే డ్రాయర్‌లో పెట్టి వస్తాను. పోయినసారి జాకెట్ జేబులో పొగాకు రాలి ఉంటే అమ్మ చూసి, టీ ఆకు అనుకుని "అక్కడ టీ కూడా జేబులో వేసుకుని తిరుగుతారా" అంది. ఈసారి జాకెట్ ఉతికించి మరీ వస్తున్నాను.

ఎస్వీయూ_పాత_బ్యాచ్

నా ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. బీడీ ఎందుకు బంకులో ఉంది?

మందుల_అంగడి

సార్, అంగడి మూసే టైమ్ అయింది. రేపు పొద్దున మొదలుపెడదాం.